క్లారినెట్టుకు ఎఫ్, సాక్సోఫోనుకు సీ: విశాఖలో ఒక నొటేషన్ కేంద్రం పనితీరు

డాబాగార్డెన్స్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఇద్దరు మిత్రులు నడుపుతున్న నొటేషన్ కేంద్రానికి గత ఏడాది సెప్టెంబరులో మొదటిసారి వెళ్ళాను. పాశ్చాత్య పద్ధతిలో చేత్తో రాసిన స్కోరును, అంటే అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతిని, ఇస్తే, దాన్ని కంప్యూటరులో ఎక్కించి, ఒక్కొక్క వాద్యానికి కావలసిన పార్టును విడదీసి, ఆ వాద్యానికి తగిన కీలోకి, తగిన క్లెఫ్‌లోకి (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తులోకి) మార్చి, అచ్చు వేసి ఇవ్వడం వారి పని. తెలిసినవారి ద్వారా వచ్చే పనే చేతినిండా ఉందని, పేరు రాయవద్దని వారు కోరినందువల్ల ఆ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అయినా ఈ సమీక్ష రాస్తున్నది ఎందుకంటే, ఇటువంటి పని ఎక్కడ చేయించుకున్నా ఏమేమి చూసుకోవాలో, ఏమేమి ముందే చెప్పాలో నాకు అక్కడ తెలిసింది. గాయక బృందాలను, పాఠశాల బ్యాండులను నడిపే మరికొందరికి అది పనికి వస్తుంది.

మాది మహారాణిపేట ప్రాంతంలోని ఒక చర్చి గాయక బృందం. ఇరవై నాలుగు మంది పాడతారు. ఏటా క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారం సాయంత్రం మా పాటలకు తోడుగా ఒక చిన్న వాద్యబృందాన్ని కూర్చుకుంటాము. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, ఒక ఫ్లూటు, రెండు క్లారినెట్లు, ఒక ఆల్టో సాక్సోఫోను, ఒక ట్రంపెట్టు, ఒక ఫ్రెంచ్ హార్ను, ఒక యుఫోనియం (ట్యూబాను పోలిన చిన్న ఇత్తడి వాద్యం) కిందటి ఏడాది మాకు సమకూడాయి. క్లారినెట్లు, ట్రంపెట్టు వాయించేవారు పెళ్ళి బ్యాండులో పనిచేసే ముగ్గురు అన్నదమ్ములు. చెవితో విన్నది వెంటనే పలికించగల ప్రజ్ఞ వారిది, నొటేషన్ మాత్రం పెద్దయ్యాక పట్టుదలతో నేర్చుకున్నారు. హార్ను, యుఫోనియం వాయించే ఇద్దరూ నౌకాదళ బ్యాండులో పనిచేసి, పదవీ విరమణ తరువాత ఈ ఊళ్ళోనే స్థిరపడిన పెద్దలు. ఇలా వేరువేరు చోట్ల చదవడం నేర్చుకున్నవారి ముందు ఒకే పాటను పెట్టాలంటే పదకొండు వేరువేరు పార్టులు కావాలి, వాటిలో దేనిమీదా వాయించేవారు ఒక్క క్షణమైనా తడుముకోకూడదు.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఈ వ్యవహారమంతా మొదట వింతగా కనిపిస్తుంది. మన స్వరలిపిలో 'స' అని రాస్తే అది పాడేవారి శృతిలోని షడ్జమం. గాయకుడు ఒకటి శృతిలో పాడినా, గాయని ఐదున్నరలో పాడినా పుస్తకంలోని స్వరాలు మారవు. తంబురా శృతి మారుతుంది, అంతే. స్టాఫ్ నొటేషన్‌లో అయిదు గీతల మీద ఒక చోట పెట్టిన స్వరం స్థిరమైనది, పియానోలో ఒకే ఒక మెట్టును చూపుతుంది. అయితే గాలివాద్యాలలో చాలావాటికి ఈ స్థిరత్వంలో ఒక మెలిక ఉంది. బీ ఫ్లాట్ క్లారినెట్టు వాయించే వ్యక్తి కాగితం మీద సీ చూసి, సీ వేళ్ళు వేసి ఊదితే, వినబడేది బీ ఫ్లాట్, అంటే బీకి అర స్వరం కింది స్వరం. మన లెక్కలో చెప్పాలంటే ఒకటి అని రాసి ఉన్నచోట కింది ఆరున్నర పలుకుతుంది. ఈ ఫ్లాట్ (E♭) ఆల్టో సాక్సోఫోనులో అదే సీ కింది రెండున్నరగా పలుకుతుంది, ఎఫ్ హార్నులో కింది నాలుగుగా పలుకుతుంది. కాబట్టి క్లారినెట్టుకు, ట్రంపెట్టుకు ఒక పూర్తి స్వరం పైకి, హార్నుకు ఒక పంచమం పైకి, ఆల్టో సాక్సోఫోనుకు ఒక మేజర్ సిక్స్త్ (స నుంచి చతుశ్రుతి ధైవతం వరకు ఉన్నంత దూరం) పైకి రాస్తేనే అందరి నాదమూ ఒకచోట కలుస్తుంది.

ఈ ఏర్పాటును అనవసరమైన చిక్కుగా భావించేవారు మా బృందంలోనే ఉన్నారు. నా అభిప్రాయం అది కాదు. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు పొందిన సాక్సోఫోను కుటుంబంలో సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ వాద్యాల పరిమాణాలు వేరైనా, రాసిన సీకి వేళ్ళు అన్నింటిలోనూ ఒక్కటే. వాద్యం మార్చినప్పుడు వేళ్ళ అలవాటు మార్చుకోవలసిన కష్టాన్ని వాయించేవారి మీద పెట్టకుండా పార్టు రాసేవారి మీద పెట్టారు. స్వరలిపిలో 'స'ను గాయకుడి గొంతుకు అప్పగించిన మన పద్ధతికీ, వేళ్ళను వాద్యకారుడికి మిగిల్చిన ఆ పద్ధతికీ మధ్య నాకు గట్టి చుట్టరికం కనిపిస్తుంది.

మా పాట ఈ ఫ్లాట్ మేజర్‌లో ఉంది, అంటే కీ సిగ్నేచర్‌లో (గీతల మొదట వేసే గుర్తులలో) మూడు ఫ్లాట్లు. బీ ఫ్లాట్ వాద్యాలకు అది ఒక ఫ్లాట్ ఉన్న ఎఫ్ మేజర్ అవుతుంది, హార్నుకు రెండు ఫ్లాట్లున్న బీ ఫ్లాట్ మేజర్ అవుతుంది, ఆల్టో సాక్సోఫోనుకు ఏ గుర్తూ లేని సీ మేజర్ అవుతుంది. ఇంతవరకు ఎవరైనా చేయగలరు. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వాద్యం పేరు ఎంచుకుంటే చాలు, ఈ మార్పు క్షణంలో జరిగిపోతుంది. అంతకుముందు ఏడాది నేను అలాగే చేసి పార్టులు పంచాను. మొదటి రెండు రిహార్సల్స్ పార్టులలోని అయోమయాన్ని సరిదిద్దడానికే సరిపోయాయి. యంత్రం స్వరాలను సరిగ్గానే జరిపింది. కానీ చదివేవారి కంటికి ఏది సులువో నేను ఆలోచించలేదు, యంత్రం ఆలోచించదు. డబ్బు పెట్టి మరొకరి దగ్గరకు వెళ్ళింది ఆ ఆలోచన కోసమే, అందుకే ఈ కేంద్రాన్ని ఆ కొలతతోనే తూచాను.

పాట చివరి చరణం అర స్వరం పైకి, ఈ (E) మేజర్‌లోకి ఎక్కుతుంది. గాయకులకు అది ఉత్సాహాన్నిచ్చే మలుపు, వయొలిన్లకు నాలుగు షార్పుల (అర స్వరం పెంచే గుర్తుల) సుపరిచితమైన కీ. గాలివాద్యాలకు మాత్రం అక్కడ పరీక్ష మొదలవుతుంది. క్లారినెట్టుకు అది ఆరు షార్పుల ఎఫ్ షార్ప్ మేజర్ అవుతుంది, లేదా అదే నాదాన్ని ఆరు ఫ్లాట్ల జీ ఫ్లాట్ మేజర్‌గా రాయవచ్చు. ఆల్టో సాక్సోఫోనుకు లెక్క ప్రకారం ఏడు షార్పుల సీ షార్ప్ మేజర్ వస్తుంది. దాన్నే అయిదు ఫ్లాట్ల డీ ఫ్లాట్ మేజర్‌గా రాయవచ్చు. హార్నుకు అయిదు షార్పుల బీ మేజర్ తప్ప మేలైన దారి లేదు, ఎందుకంటే ప్రత్యామ్నాయమైన సీ ఫ్లాట్ మేజర్‌లో ఏడు ఫ్లాట్లుంటాయి. పని అప్పగించిన మూడో రోజు ఆ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. "అయ్యా, సాక్సోఫోనుకు ఫ్లాట్లలోనే రాస్తాము, అందులో అడగవలసింది లేదు. క్లారినెట్లు వాయించేవారు షార్పులకు అలవాటుపడినవారా, ఫ్లాట్లకా?" అని అడిగారు. అంతకుముందు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అన్నదమ్ములను అడిగితే, ఫ్లాట్లయితే చెయ్యి తిరిగి ఉందని, పైగా ఎఫ్ మేజర్‌లోని ఒక ఫ్లాటు నుంచి వస్తున్నాము కనుక ఫ్లాట్లలోనే కొనసాగితే మనసు తేలికగా ఉంటుందని చెప్పారు. జీ ఫ్లాట్‌లోనే వేయించాము. ఏ (A) క్లారినెట్టు ఉంటే ఇదే చరణం ఒక్క షార్పు గల జీ మేజర్‌గా ఎంతో హాయిగా ఉండేది, కానీ మా దగ్గర ఆ వాద్యం లేదు.

వారి శ్రద్ధను పూర్తిగా నమ్మింది మరొక చోట. ఆ చరణంలో ఆల్టో సాక్సోఫోనుకు ఏ (A) నుంచి బీ వరకు అర స్వరాల మెట్లతో ఎక్కే చిన్న పలుకు ఉంది. నా స్కోరులో మధ్య స్వరాన్ని బీ ఫ్లాట్ అని రాశాను. పియానో మీద అదీ, ఏ షార్పూ ఒకే మెట్టు కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ కీని డీ ఫ్లాట్‌లోకి మార్చేటప్పుడు ఆ స్వరం ఏ డబుల్ ఫ్లాట్ (రెండు అర స్వరాలు తగ్గించిన ఏ) అయి కూర్చుంటుంది. వాయించేవారికి జీ ఫ్లాట్, ఏ డబుల్ ఫ్లాట్, ఏ ఫ్లాట్ అనే వరుస కనబడుతుంది. చూసినవారు ఎవరైనా ఆగిపోతారు. వారు పార్టులో ఆ ఒక్క స్వరాన్ని మార్చి ఊరుకోకుండా, మూల స్కోరులోనే ఏ షార్ప్ అని దిద్దడానికి నా అనుమతి అడిగారు. పైకి వెళ్ళే అర స్వరాన్ని షార్పుతో, కిందికి దిగేదాన్ని ఫ్లాటుతో రాయడం సాధారణ మర్యాద అని గుర్తు చేశారు. దిద్దిన తరువాత సాక్సోఫోను పార్టులో అది జీ ఫ్లాట్, జీ నేచురల్, ఏ ఫ్లాట్ అయింది. వేళ్ళు అవే, నాదం అదే, చదువు మాత్రం తేటపడింది. ఆ పక్క బారులో జీ మళ్ళీ ఫ్లాట్ అని గుర్తుచేసే అదనపు గుర్తును కూడా వారంతట వారే పెట్టారు. బారు గీత దాటగానే యాక్సిడెంటల్ (మధ్యలో వేసిన షార్పు, ఫ్లాటు లేదా నేచురల్ గుర్తు) రద్దవుతుంది కాబట్టి నియమం ప్రకారం అది అవసరం లేదు, అయినా రిహార్సల్‌లో ఒక ప్రశ్న తగ్గిందంటే ఆ చిన్న గుర్తు వల్లనే.

ఇక లోపాలు. అన్నింటికంటే పెద్దది యుఫోనియం పార్టు విషయంలో జరిగింది. యుఫోనియానికి రెండు సంప్రదాయాలున్నాయి. ఒకదానిలో బేస్ క్లెఫ్‌లో, పలికే స్వరాన్నే రాస్తారు. బ్రిటిష్ బ్రాస్ బ్యాండు వరవడిలో ట్రెబుల్ క్లెఫ్‌లో, పలికే దానికంటే ఒక అష్టకమూ ఒక స్వరమూ పైకి రాస్తారు. కార్నెట్టు నేర్చినవారు వేళ్ళు మార్చుకోకుండా యుఫోనియం అందుకోవడానికి అది వీలు. మా పెద్దాయన రెండో పద్ధతిలో చదివేవారు. కేంద్రంవారి ఫారంలో వాద్యం పేరుకు మాత్రమే చోటుంది, క్లెఫ్‌కు లేదు. నన్ను అడగకుండానే బేస్ క్లెఫ్‌లో అచ్చు వేశారు. సాక్సోఫోను విషయంలో అంత ఆరా తీసినవారు ఇక్కడ ఊహించుకోవడం నాకు బాధ కలిగించింది. రిహార్సల్‌లో ఆయన కాగితం అందుకుని, క్లెఫ్ వైపు చూసి, వాద్యాన్ని మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నారు. "బాబూ, ఇది నా చదువు కాదు" అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఊరికే కూర్చోవలసి వచ్చింది. మరునాడు ఉదయమే కొత్త పార్టు ఇచ్చారు, అదనపు రుసుము తీసుకోలేదు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి ఆటోలో వచ్చి వాయించకుండా తిరిగి వెళ్ళారన్న సంగతి నా మనసులో నిలిచిపోయింది.

ఈ సందర్భంలోనే వారి దగ్గర ఒక మంచి కిటుకు నేర్చుకున్నాను, చేతిలో ట్రాన్స్‌పోజ్ చేసిన (తమ వాద్యపు కీలోకి మార్చిన) పార్టు లేని రోజున ఎవరికైనా ఉపయోగపడుతుంది. టెనర్ క్లెఫ్‌లో మధ్య సీ నాలుగో గీత మీద ఉంటుంది. ట్రెబుల్ క్లెఫ్‌లో నాలుగో గీత డీ. ట్రెబుల్‌లో చదివే బీ ఫ్లాట్ యుఫోనియం గానీ టెనర్ సాక్సోఫోను గానీ రాసిన ఆ డీని ఊదితే పలికేది సరిగ్గా మధ్య సీ. అంటే చెల్లోకో ట్రాంబోనుకో టెనర్ క్లెఫ్‌లో రాసిన పార్టును ముందు పెట్టి, క్లెఫ్‌ను ట్రెబుల్ అనుకుని, కీ సిగ్నేచర్‌కు రెండు షార్పులు కలిపి, లేదా రెండు ఫ్లాట్లు తీసివేసి చదివితే స్వరాలన్నీ తమ చోట్లలో పడతాయి. ఇదే విధంగా బేస్ క్లెఫ్ పార్టును ట్రెబుల్‌గా భావించి మూడు షార్పులు కలిపితే ఈ ఫ్లాట్ బారిటోన్ సాక్సోఫోనుకు, ట్రెబుల్‌లో చదివే ఈ ఫ్లాట్ ట్యూబాకు సరిపోతుంది. బేస్ క్లెఫ్‌లో సీ ఉండే రెండో ఖాళీలోనే ట్రెబుల్ క్లెఫ్‌లో ఏ ఉంటుంది కదా. మధ్యలో వచ్చే యాక్సిడెంటల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఒక నేచురల్ గుర్తు కొత్త కీలో షార్పుగా మారవలసి రావచ్చు. చెల్లో పార్టులోని ఎత్తైన భాగాన్ని వారు టెనర్ క్లెఫ్‌లో వేసి ఉండడం వల్ల, చెల్లో వాయించే అమ్మాయి పరీక్షల వల్ల రాలేకపోయిన ఒక రిహార్సల్‌లో యుఫోనియం పెద్దాయన ఆ భాగాన్ని ఈ కిటుకుతోనే చదివి వినిపించారు. మేమందరం ఆనందంతో విన్నాము.

వయోలా పార్టులో లోపం చిన్నదే కానీ అలక్ష్యానిది. ఆల్టో క్లెఫ్‌లో సాగుతున్న పార్టు పైకి ఎక్కినప్పుడు లెడ్జర్ లైన్లు (అయిదు గీతలకు పైనా కిందా వేసే అదనపు గీతలు) పెరగకుండా ట్రెబుల్‌కు మారడం మామూలే. ఆ మార్పును ఒక స్లర్ మధ్యలో, ఒకే ఊపులో సాగే పలుకు సగంలో పెట్టారు. విల్లు ఆపకుండా కళ్ళు మాత్రం మరో భాషలోకి మారాలి. క్లెఫ్ మార్పు ఎప్పుడూ విరామం దగ్గరో, పలుకు మొదట్లోనో రావాలని నా గట్టి నమ్మకం. చెప్పగానే రెండు బారులు ముందుకు జరిపారు. హార్ను విషయంలో మాత్రం వారు ముందే జాగ్రత్తపడ్డారు. హార్నుకు బేస్ క్లెఫ్‌లో రాసేటప్పుడు పాత సంప్రదాయంలో స్వరాలను నేటి పద్ధతికంటే ఒక అష్టకం కింద రాసేవారు. ఏ పద్ధతో పార్టులో చెప్పకపోతే వాయించేవారు తికమకపడతారు. అందుకని ఆ నాలుగు బారులనూ లెడ్జర్ లైన్లతో ట్రెబుల్‌లోనే ఉంచేశారు. టెనర్ గాయకుల పార్టుకు ట్రెబుల్ క్లెఫ్ కింద చిన్న ఎనిమిది అంకె వేశారు, అంటే రాసినదానికంటే ఒక అష్టకం కింద పాడాలి.

నాకు ఇచ్చిన స్కోరు కన్సర్ట్ పిచ్‌లో ఉంది, అంటే అన్ని వాద్యాలూ వినబడే స్వరంలోనే రాసి ఉన్నాయి. ట్రాన్స్‌పోజ్ చేసిన స్కోరు కావాలా అని అడిగారు. నేను వద్దన్నాను, తరువాత విచారించాను. రిహార్సల్‌లో ట్రంపెట్టు అబ్బాయి "ఇరవై మూడో బారులో నాది జీయేనా సార్?" అంటే, నా ముందున్న ఎఫ్‌ను మనసులో ఒక స్వరం పైకి లెక్కపెట్టి "అవును నాయనా" అనవలసి వచ్చింది. ఒకసారి కాదు, సాయంత్రమంతా అదే. బృందాన్ని నడిపించేవారు వాద్యకారులతో వారి స్వరాల పేర్లతోనే మాట్లాడగలగాలి కనుక, ఈసారి రెండు స్కోర్లూ అడిగి తీసుకుంటాను.

అచ్చు పని బాగుంది. పార్టులలో అయిదు గీతల ఎత్తు 7 మిల్లీమీటర్లు ఉంచారు, చర్చిలోని పసుపు దీపాల కింద కూడా కళ్ళు చికిలించనక్కరలేదు. పేజీ తిప్పవలసిన చోటల్లా విరామం వచ్చేట్టు అమర్చారు. హార్నుకు ఇరవై బారుల విరామం తరువాత తన వంతు ఎప్పుడో తెలియడానికి ఫ్లూటు వాయించే పలుకును చిన్న అక్షరాలలో క్యూగా ఇచ్చారు, అదీ ఫ్లూటు కీలో కాకుండా హార్ను కీలోకి మార్చి. కాగితం మాత్రం మొదట పలుచనిది వాడారు. సముద్రపు గాలిలోని తేమకు ఈ ఊళ్ళో పలుచని కాగితం రెండు రోజుల్లో అంచులు చుట్టుకుపోతుంది, స్టాండు మీద నిలవదు. మందమైన కాగితానికి కొద్దిగా అదనంగా తీసుకున్నారు, అది నాకు న్యాయంగానే తోచింది. పేజీకి 120 రూపాయల లెక్కన మొత్తం పనికి దాదాపు 5 వేలు అయింది, తొమ్మిది రోజులు పట్టింది. ఏటా ఒకసారి పాడే బృందానికి ఇది చిన్న మొత్తం కాదు. కానీ మూడు రిహార్సల్స్‌తో కార్యక్రమానికి సిద్ధమయ్యాము, అంతకుముందు ఏడాది ఆరు కూడా చాలలేదు.

ఆ అనుభవంతో ఈ ఏడాది పిల్లల వాద్యబృందం కోసం మరో పని అప్పగించాను. ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరాలు, అంటే ఆనాటి పాశ్చాత్య బాణీలకు ఆయన శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కూర్చిన చిన్న రచనలు, స్వరలిపి నుంచి స్టాఫ్ నొటేషన్‌లోకి మార్చాలి. శంకరాభరణం స్వరస్థానాలు మేజర్ స్కేలువే కాబట్టి పని తేలిక అనుకున్నాను. వారు అడిగిన మొదటి మాట "స ఎక్కడ పెట్టమంటారు?" అన్నది. సీలో పెడితే క్లారినెట్లకు డీ మేజర్, రెండు షార్పులు. బీ ఫ్లాట్‌లో పెడితే క్లారినెట్లకు సీ మేజర్, ఏ గుర్తూ ఉండదు, కానీ వయొలిన్ పిల్లలకు రెండు ఫ్లాట్లు, తెరిచిన తీగెల సాయం తక్కువ. ఎఫ్‌లో పెడితే వయొలిన్లకు ఒక్క ఫ్లాటు, క్లారినెట్లకు జీ మేజర్, ఒక్క షార్పు. ఇరువైపులా భారం సమానం, పిల్లల గొంతుకు కూడా నాలుగు శృతి అందుతుంది. అక్కడే నిర్ణయించాము. స్వరలిపి మారకుండా శృతి మాత్రమే మార్చుకునే సౌలభ్యంలో పెరిగిన నాకు, 'స'కు చోటు వెతకడమే ఇంత ఆలోచన కోరుతుందని ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది.

స్వరలిపిలోని గమకాల విషయంలో వారి సాయం ఆశించవద్దు. నొట్టుస్వరాలకు అది పెద్దగా అడ్డు కాదు. వర్ణాన్నో కృతినో ఇస్తే వచ్చేది అస్థిపంజరమే అవుతుంది, ఆ మాట వారే ముందుగా చెబుతారు. చేతిరాత స్కోరు స్పష్టంగా లేకపోతే పని ఆలస్యమవుతుంది. నవంబరు తరువాత క్రిస్మస్ పని ఎవరు తెచ్చినా తీసుకోరు, కాబట్టి సెప్టెంబరు దాటకముందే వెళ్ళాలి.

ఈసారి పని ఇచ్చేటప్పుడు ఫారం మారింది. వాద్యం పేరు పక్కన 'చదివే క్లెఫ్' అని ఒక కొత్త గడి చేర్చారు. నేను పెన్ను తీసేలోపే యుఫోనియం ఎదురుగా 'ట్రెబుల్, బీ ఫ్లాట్' అని పెన్సిలుతో రాసి ఉంది.